వాగు పోరంబోకు

పోయిన భాగం చదివి మా కాలేజీ పిల్లాడొకడు అడిగాడు: "సార్, వాడల చరిత్ర రాస్తూ మధ్యలో కొంగలూ చేపలూ ఎందుకు సార్? అది జువాలజీ వాళ్ళ పని కదా?" అడగాల్సిన ప్రశ్నే. మన మంగళగిరి పక్కనున్న కొండవీటి వాగునే తీసుకుని జవాబు చెప్తాను.

ఈ వాగు కొండవీడు కొండల్లో పుట్టి, పల్లపు నల్లరేగడి మీదుగా పారి, ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కలిసే చోటు బ్యారేజీకి కాస్త ఎగువన. అక్కడ 1855లో ఆనకట్ట, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాయి. డెల్టా కాలవలకు నీరెక్కాలంటే నది అక్కడ ఎత్తుగా నిలబడాలి. నది నిండుగా ఉంటే వాగు నీరు అందులోకి దిగదు, వెనక్కి మళ్ళి తుళ్ళూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల పొలాల మీద పడుతుంది. 2018లో ఆ నీటిని మోటార్లతో నదిలోకి ఎత్తిపోసే పథకం కట్టింది అందుకే.

ఇంజనీర్లు దీన్ని ముంపు అన్నారు. ఆ ముంపులోనే జమ్ము, తుంగ పెరిగాయి. నత్తల కోసం పెద్ద కొంగలు దిగాయి. కొర్రమీను ఉంది చూడండి, అది పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. గుంట ఎండిపోతే బురదలో దూరి మళ్ళీ వాన పడేదాకా బతుకుతుంది. ఎండకూ ముంపుకూ ఓర్చుకునే ఇలాంటి జీవాలకు వాగూ దాని పల్లమూ ఇల్లు. పాఠ్యపుస్తకంలో దీన్నే 'ఆవాసం' అంటారు.

రెవెన్యూ రికార్డులో దీని పేరు వేరు. పోరంబోకు. అంటే శిస్తు రాని నేల. వాగు పోరంబోకు, డొంక పోరంబోకు, శ్మశానం పోరంబోకు. బ్రిటిష్ సెటిల్‌మెంటు లెక్కకు పనికిరానిదంతా ఈ ఒక్క మాట కిందికి వచ్చేసింది. మెరక ఊరికి పోయింది. మా జిల్లాలో ఎన్నో మాలపల్లెలు, మాదిగపల్లెలు పల్లంలోనో, వాగు గట్టునో, డొంక వారనో ఉన్నాయంటే కారణం అదే. పన్ను కట్టని నేలను కొంగకూ మనకూ కలిపి వదిలేశారు.

అక్కడ మనవాళ్ళు ఊరికే కూర్చోలేదు. పొలం నుంచి నీళ్ళు జారే గండిలో మా నాయనమ్మ మావు పెట్టేది. తెల్లారేసరికి జెల్లలు, పక్కెలు పడేవి. గట్ల మీద పొన్నగంటి, గలిజేరు కోసుకొచ్చేది. గేదెకు గడ్డి, ఇంటి కప్పుకు రెల్లు, చాపకు తుంగ. కూలి దొరకని నెలల్లో కడుపు నింపింది ఈ పోరంబోకే. నత్తగుల్లలు తింటారని మనల్ని వెక్కిరించిన ఊళ్ళే ఇవి. (కొర్రమీను మాత్రం ఇప్పుడు విజయవాడ హోటళ్ళలో గొప్ప వంటకం. తినేవాళ్ళు మారితే చేపకు కూడా మర్యాద పెరుగుతుంది కాబోలు.)

తెలుగు మేష్టారిని కదా, జాషువా దగ్గరికి వెళ్ళకుండా ఉండలేను. 1941 నాటి 'గబ్బిలం'లో శివుడి గుడిలోకి గబ్బిలానికి దారి ఉంది, దానితో కబురు పంపే మనిషికి లేదు. క్లాసులో దాన్ని అంటరానితనం పాఠంగానే చెప్తాం. ఏ జీవి ఎక్కడ ఉండొచ్చో నిర్ణయించేది ఎవరన్న ప్రశ్న కూడా ఆ కావ్యంలో ఉందని నాకు ఆలస్యంగా తట్టింది.

ఇక 2015. రాజధాని కోసం 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా సమీకరించారు. పట్టా ఉన్న రైతుకు ఎకరం లెక్కన ప్లాట్లు. అసైన్డ్, లంక భూములు సాగుచేసిన దళితులకు వేరే లెక్క, తక్కువ లెక్క. భూమి లేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పెన్షన్, పదేళ్ళు. ఆ కూలీ కుటుంబం వాగులో పట్టిన చేపకు, కోసిన గడ్డికి, ఏరిన ఆకుకు మాత్రం ఏ ఫారంలోనూ గడి లేదు. 2017లో హరిత ట్రిబ్యునల్ షరతులతో అనుమతించింది. ఆ రోజుల్లో పర్యావరణం తరఫున మాట్లాడినవాళ్ళ నోట కూడా ఏడాదికి మూడు పంటలు పండే భూమి గురించి విన్నంతగా పోరంబోకు గురించి నేను వినలేదు.

పక్షిని కాపాడేటప్పుడు జరిగేదీ ఇంతే. 1999లో కొల్లేరును అభయారణ్యం చేస్తూ ఐదో కాంటూరు దగ్గర గీత గీశారు. ఆ గీత లోపల గూడబాతులతో పాటు మనుషులూ ఉన్నారు.

వాగు ఒడ్డునే నీరుకొండ. కారంచేడు జరిగిన రెండేళ్ళకు, 1987లో, దళితుల మీద దాడి జరిగిన ఊరు. ఇప్పుడు అక్కడ పెద్ద ప్రైవేటు యూనివర్సిటీ ఉంది, వాగు నీళ్ళకు జలాశయం ప్లానులో ఉంది. అభివృద్ధి పటంలో అన్నీ నీలం రంగులో, ఆకుపచ్చ రంగులో కనిపిస్తాయి. పల్లె ఏ రంగులో ఉందో వెతకండి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ మండలాఫీసులో పాత డైగ్లాట్ గానీ ఆర్ఎస్ఆర్ గానీ అడిగి, మీ ఊరి వాగు పోరంబోకు సర్వే నంబర్లు, విస్తీర్ణం రాసుకోండి. తర్వాత మీ అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి అక్కడ దొరికిన చేపల పేర్లు, ఆకుల పేర్లు, పిట్టల పేర్లు రాయించుకోండి. రెండు కాగితాలూ నాకు పంపండి. కృష్ణ లంకల గురించి రాసే వచ్చే భాగానికి అవి కావాలి.

జై భీమ్.