అక్షరఫలక వృత్తి: కుంచెనుండి వినైలు పొరవరకు



పదిమంది చూచునట్లు అక్షరమును నిలుపుట మన దేశమున మిగుల ప్రాచీనమైన వృత్తి. రేనాటి చోడరాజగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు సుమారు క్రీ. శ. 575 ప్రాంతమున కలమళ్లలో వేయించిన శాసనమును తొలి తెలుగు శాసనముగా పండితులు పరిగణింతురు. శాసనములవలన రాజుల పేర్లు ప్రసిద్ధికెక్కినవి; ఉలిపట్టినవారి పేర్లు కొన్నింట మాత్రమే కానవచ్చును. ఉలి తరువాత అంగడివీథులకు కుంచె వచ్చెను. కుంచె తరువాత యంత్రపుకత్తి వచ్చెను. ఈ కడపటి మార్పు ఒక్క తరములోనే జరిగి పెక్కు కుటుంబముల జీవనమును తలక్రిందు చేసినది. కావున దాని చరిత్రము మన మెఱుంగదగినది.

కుంచెపనివాడు రేకునకు మొదట అస్తరు పూసి యారబెట్టును. సుద్దపొడి పట్టించిన దారమును బిగించి కొట్టి గీతలు తీయును. అక్షరములకు జాగాలు గుర్తించుకొని ఎనామిలు రంగుతో వ్రాయును. ఒకే పేరు పలుమాఱు వ్రాయవలసినచో, కాగితముపై అక్షరరేఖల వెంబడి సూదితో బెజ్జములు గ్రుచ్చి బొగ్గుపొడి యద్దును. శిష్యుడు రంగుడబ్బాలు కడుగుటతో నారంభించి, యేండ్లు గడచినగాని కుంచె నందుకొనజాలడు.

ఈ విద్యకు పోటీవచ్చిన పదార్థము రసాయనశాలలో పుట్టినది. పాలివినైల్ క్లోరైడును 1872లో జర్మను రసాయనజ్ఞుడు యూజెన్ బౌమన్ గమనించెను. అది గట్టిగను పెళుసుగను ఉండుటచే చిరకాలము పెద్దగా నుపయోగపడలేదు. 1926లో అమెరికాలోని గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీలో వాల్డో సెమన్, రబ్బరును లోహమునకు అంటించు జిగురుకొఱకు వెదకుచు, దీనిని ద్రావకముతో కాచి చూచెను. కోరిన జిగురు దొరకలేదు గాని మెత్తగా వంగు వినైలు దొరకినది. 1935లో లాస్ ఏంజిలిసున స్టాంటన్ ఏవరీ, ఒలిచినంతనే అంటుకొను చీటీలను తయారుచేసెను. ఈ రెండు కల్పనలును కలిసి నేటి స్టిక్కరునకు పునాది యైనవి.

పొరకు తగిన కత్తిని సమకూర్చినవారిలో ముఖ్యుడు జోసెఫ్ గెర్బరు. ఇతడు 1924లో వియన్నాలో యూదుకుటుంబమున జన్మించి, నాజీల హింసను తప్పించుకొని 1940లో అమెరికా చేరెను. బట్టలు కత్తిరించు యంత్రములచే పేరొందిన యితని సంస్థ, 1980 దశకము తొలినాళ్లలో సైన్‌మేకరు అను యంత్రమును వెలయించెను. మీటలు నొక్కి పేరు వ్రాసినంతనే కత్తి వినైలుపై అక్షరములను కోసెడిది. అచ్చటి కుంచెపనివారు పలువురు కొన్ని యేండ్లలోనే వృత్తి మార్చుకొనవలసివచ్చెను.

అయినను యంత్రము పనియంతయు చేయదు. కత్తి పైపొరను మాత్రమే తెగునట్లును, క్రింది కాగితము తెగకుండునట్లును ఒత్తిడి నమర్చవలెను. అనవసరమైన ముక్కలను చిమటాతో ఏరివేసి, మిగిలిన యక్షరములను అంటుకాగితముపైకి ఎత్తి, గాజుమీదను రేకుమీదను నిలుపవలెను. ఆ తలము జిడ్డు లేకుండ తుడువబడవలెను. సబ్బునీరు చల్లినచో పొరను జరిపి సరిచేయుట కవకాశముండును. పిమ్మట నీటిని బద్దతో నడుమనుండి యంచులకు నెట్టివేయుదురు. రోలర్లతో నొత్తి చేసిన చౌకపొర కాలక్రమమున ముడుచుకొనును. ద్రవముగా పోసి చేసిన పలుచనిపొర వాహనముల వంపులపైనను చక్కగా నిలుచును. మన యూళ్లలో ఈ పనిని ‘రేడియము కటింగు’ అందురు గాని యందు రేడియము లేశమైనను లేదు.

తెలుగక్షరమునకు వేఱొక చిక్కు గలదు. కంప్యూటరులోని పెక్కు తెలుగు అచ్చులలో తలకట్టు, గుడి, వత్తు వేర్వేరు ముక్కలు. అవి ఒకదానిపై నొకటి పడినచోట, రేఖలను ముందుగా కలుపనియెడల కత్తి రెండింటిని కోసి యక్షరమును చీల్చును. ‘లక్ష్మి’ అను పేరులో క్షకారము క్రింది మకారవత్తు సన్నమైనచో, ఏరునప్పుడు ఊడివచ్చును. 1991లో యూనికోడు తొలి ప్రతిలోనే తెలుగునకు చోటు లభించినది గాని, అక్షరము అందముగా నుండుటకు సంకేతసంఖ్య చాలదు. కుంచెవాని తప్పు ఒక్క ఫలకమున నుండిపోవును. యంత్రమున తప్పు వత్తు పెట్టినచో నూఱు ఫలకములకు ప్రాకును.

యంత్రము హరించినది చేతిశ్రమను. అక్షరజ్ఞానము ఇంకను మనుష్యునిదే. చిత్రకారుడు బాపు (1933–2014) చేతివ్రాత కంప్యూటరు అచ్చుగా మారి తెలుగువారి శుభలేఖలపైనను ఫలకములపైనను కానవచ్చుటయే దీనికి నిదర్శనము. మన వీథులలో కుంచెపట్టిన పెద్దల చేతివ్రాతలు మాత్రము గోడలకు సున్నము వేసిన ప్రతిమాఱు మాసిపోవుచున్నవి. వారు జీవించియుండగనే వారిచే అక్షరమాలను సంపూర్ణముగా వ్రాయించి భద్రపఱచుట మన సంఘములకు భారము కాదు. వృత్తి పోయినదని పెద్దలు నిట్టూర్చుటయు, మీట నొక్కిన చాలునని యువకులు తలంచుటయు రెండును మేలు కావు. యంత్రము కొన్న యువకుడు కుంచె విడిచిన పెద్దవానికడ కొన్నాళ్లు శుశ్రూష చేసి, ఏ యక్షరమునకు ఎంత యెడముండవలెనో, ఏ వత్తు ఎంత దిగవలెనో నేర్చుకొనునుగాక. పెద్దవానికి గౌరవమును, యువకునికి జీవనమును, అక్షరమునకు అందమును ఆ యొక్క పనివలననే చేకూరును.