చక్రము చెప్పు మాట

వాహనమును నడుపుట ఒక విద్య; ఆపుట అంతకంటె కష్టమైన విద్య. వేగముగా పోవు కారునకు గట్టిగా బ్రేకు వేసినచో చక్రములు బిగిసిపోవును. కారు మాత్రము జారుచు ముందునకే సాగును. తిరుగని చక్రము దారి మార్చలేదు. కనుక స్టీరింగు ఎటు త్రిప్పినను ఫలము లేదు. బ్రేకునకు బలము చాలక కాదు, చక్రము స్థితి బ్రేకునకు తెలియక ఈ ఆపద కలుగుచుండెను. ఆ స్థితిని తెలియజేయు సాధనముల చరిత్రను మనమిచట పరిశీలింతము.

తొలి పరిష్కారములలో ముఖ్యమైనది విమానములకై వచ్చినది. 1950ల ఆరంభమున బ్రిటనులోని డన్‌లప్ సంస్థ ‘మాక్సారెట్’ అను సాధనమును ప్రవేశపెట్టెను. అందు విమానచక్రముచే నడపబడు చిన్న బరువుచక్రము ఒకటి ఉండును. విమానచక్రము హఠాత్తుగా మందగించినను, బరువుచక్రము తన జోరున తిరుగుచునే యుండును. ఆ తేడాయే కవాటమును తెరచి బ్రేకు ఒత్తిడిని సడలించును. 1966లో జెన్సెన్ ఎఫ్ఎఫ్ కారునకు ఈ మాక్సారెట్‌నే అమర్చిరి.

పిదప ఈ పని విద్యుత్తు వంతైనది. 1971లో అమెరికాలో క్రైస్లర్ ఇంపీరియల్ కారునకు బెండిక్స్ సంస్థ ఎలక్ట్రానిక్ పద్ధతిని సమకూర్చెను. 1978లో బాష్ సంస్థ యాంటీలాక్ బ్రేకులు మెర్సిడెస్ ఎస్-క్లాస్ కారునకు వచ్చినవి.

వీని కీలకము చక్రము చెంతనుండు సెన్సారు. చక్రముతోపాటు పళ్ళవలయ మొకటి తిరుగును. దాని ప్రక్కన అయస్కాంతము, తీగచుట్ట ఉండును. పన్ను దాటినప్పుడెల్ల తీగలో ఒక విద్యుత్ స్పందన పుట్టును. వలయమునకు 48 పళ్ళున్నవనుకొందము. సెకనుకు 480 స్పందనలు వచ్చినచో చక్రము 10 చుట్లు తిరిగినదన్నమాట. ఒక చక్రపు లెక్క ఒక్కసారిగా పడిపోయెనా, అది బిగియనున్నదని గ్రహించి యంత్రము ఆ బ్రేకును సడలించి మరల బిగించును. సెకనులో పలుమార్లిట్లు చేయును.

1995లో మరియొక మెట్టు. స్టీరింగు కోణమును, కారు తిరుగుడును కొలుచు సాధనములు ఈ సెన్సారులకు తోడై, అవసరమైన ఒక్క చక్రమునకే బ్రేకు వేసి, దారి తప్పు కారును సరిదిద్దు పద్ధతి వెలసెను. మన దేశమున 2019 ఏప్రిల్ 1 నుండి 125 సీసీ మించిన కొత్త మోటారు సైకిళ్ళకు యాంటీలాక్ బ్రేకులు తప్పనిసరి యైనవి.

అయినను సెన్సారు రోడ్డునకు లేని పట్టును కల్పింపజాలదు. వదులుగా నున్న కంకరపై కారు ఆగుటకు మరింత దూరము కూడ పట్టవచ్చును. ఆపదలో బ్రేకు పెడలు కాలిక్రింద అదరినచో బెదరి కాలు తీయరాదు. ఆ అదురు యంత్రము పనిచేయుచున్నదనుటకు గుర్తు. గట్టిగా త్రొక్కియుంచి, స్టీరింగుతో దారి తప్పించుకొనుటయే మనము చేయవలసినది.