ఉస్మానియా విశ్వవిద్యాలయం

ఉస్మానియా విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో 1918లో ఏర్పడిన ప్రభుత్వ విశ్వవిద్యాలయం. వైద్యం, ఇంజనీరింగు సహా ఉన్నత విద్యనంతటినీ ఉర్దూలో బోధించడం దీని తొలినాళ్ల విశిష్టత. ఆంగ్లం తప్పనిసరి పాఠ్యాంశంగా ఉండేది. పాఠ్యగ్రంథాల కోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పనిచేసింది. ఆధునిక శాస్త్రాలను ఒక భారతీయ భాషలోకి ఇంత విస్తృతంగా తెచ్చిన ప్రయత్నాలు అరుదు. 1919లో తరగతులు అద్దె భవనాల్లో మొదలయ్యాయి. శాశ్వత ప్రాంగణానికి అడిక్‌మెట్ ప్రాంతాన్ని నగర ప్రణాళికావేత్త పాట్రిక్ గెడెస్ సూచించాడు. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పనలో గులాబీ ఛాయ గ్రానైటుతో కట్టిన ఆర్ట్స్ కళాశాల 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. ఇందులో ఇస్లామిక్ తోరణాలు, హిందూ ఆలయ స్తంభరీతులు కలిసి కనిపిస్తాయి. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత బోధనాభాష ఆంగ్లమైంది. 1969, 2009 తెలంగాణ ఉద్యమాలకు ఈ ప్రాంగణం ప్రధాన కేంద్రం.