మాటకి ఉప్పుటేరు లేదు

1989 నవంబరు ఎన్నికలనాటికి నాకు పదేళ్లు. ఏలూరులో మా తాతగారిల్లు అప్పుడు రెండు పార్టీలైంది. తాతగారికి ఎన్.టి. రామారావుగారంటే ప్రాణం. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే మా మావయ్యేమో సూపర్‌స్టార్ కృష్ణ మనిషి. ఆ కృష్ణే మా ఏలూరు లోక్‌సభ స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థి! ఆయనకి ఎదురు నిలబడింది, 1984లో తెలుగుదేశం తరఫున గెలిచిన బోళ్ల బుల్లిరామయ్యగారు. ఇంక ఇంట్లో గోల చెప్పాలా?

ఓ రాత్రి భోజనాల దగ్గర మావయ్య రామారావుగారి నడక, మాట అనుకరించి చూపించాడు. పిల్లలం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. తాతగారు మాత్రం కంచం ముందునుంచి లేచిపోయారు. అమ్మమ్మ మావయ్యతో ఒకటే మాటంది: “ఓటు నీ సొంతంరా. ఆ వెక్కిరింపే అరువు తెచ్చుకున్నావు.”

నిజమే, అది సినిమాహాల్లోంచి తెచ్చుకున్నదే. 1985లో రామారావుగారు మండలాల పద్ధతి తెస్తే, 1987లో ‘మండలాధీశుడు’ సినిమా వచ్చింది. అందులో కోట శ్రీనివాసరావు రామారావుగారిని పోలిన పాత్ర వేశారు. 1989లో ‘గండిపేట రహస్యం’ వచ్చింది. కృష్ణ తాను నటించిన ‘నా పిలుపే ప్రభంజనం’, ‘సాహసమే నా ఊపిరి’ కూడా ఆ ప్రభుత్వంమీద ఎక్కుపెట్టినవే. అవతలివారూ తక్కువ తినలేదు లెండి. కాంగ్రెస్‌వాళ్లని ‘కుక్కమూతి పిందెలు’ అన్నది రామారావుగారే కదా!

పాలకుడి పనిని ఎగతాళి చెయ్యడం తప్పని నేననను. అది ప్రజల హక్కు. కాని పనిని వదిలి మనిషి నడకనీ, గొంతునీ పట్టుకున్నామంటే మన దగ్గర వాదం అయిపోయిందనే అర్థం. అభ్యర్థి తన నోరు శుభ్రంగా ఉంచుకుంటే చాలదు. తన పక్షాన జనాన్ని నవ్వించేవాళ్ల లెక్క కూడా ఆయన ఖాతాలోకే వస్తుంది.

ఆ లెక్క ఒక్కోసారి నటుడు కట్టాల్సొచ్చింది. ఆ సినిమా తర్వాత విజయవాడ రైల్వేస్టేషన్లో రామారావుగారి అభిమానులు తనని కొట్టారని కోట చెప్పుకున్నారు. ఆ తర్వాత విమానాశ్రయంలో రామారావుగారే ఎదురుపడి, భుజంమీద చెయ్యి వేసి, మంచి నటుడివంటూ ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పారట. అభిమానులు పోగొట్టిన పరువుని నాయకుడు ఒక్క మాటతో నిలబెట్టాడన్నమాట.

ఆ ఎన్నికల్లో కృష్ణ డెబ్బై వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. 1991లో అదే ఏలూరు మళ్లీ బుల్లిరామయ్యగారినే ఢిల్లీ పంపింది. గెలుపూ ఓటమీ అలా వచ్చిపోయాయి.

1996 జనవరి 18న రామారావుగారు పోయారని తెలిసి, మావయ్య కొట్టు మూసేసి గూడెంనుంచి వచ్చాడు. తాతగారి పక్కన చాలాసేపు కూర్చున్నాడు. ఆయన పలకలేదు. ఆరేళ్లనాటి భోజనం ఇంకా వాళ్లిద్దరి మధ్యే ఉంది.

మా అమ్మమ్మది కొల్లేటి లంక గ్రామం. ఆ సాయంత్రం వంటింట్లో నాతో అంది: “బుడమేరు, తమ్మిలేరు ఎంత వరద తెచ్చినా కొల్లేరు ఉప్పుటేరు దారిన సముద్రానికి పంపేసుకుంటుందే అమ్మాయ్. మాటకి ఉప్పుటేరు లేదు. అది మనింట్లోనే నిలబడిపోతుంది.”

ఎన్నికలొచ్చిన ప్రతిసారీ నాకా మాటే గుర్తొస్తుంది.