వాకిలి మూసిన తండ్రి

షోలెం అలైఖెం (1859–1916) యిద్దిష్ భాషలో వ్రాసిన తెవ్యే కథలు 1894 మొదలుకొని ఒక్కొక్కటిగా వెలువడినవి. తెవ్యే జారు చక్రవర్తుల రష్యాలో ఒక పల్లెన పాలు, వెన్న అమ్ముకొని బ్రతికే యూదుడు. కథలన్నీ అతని నోటనే వింటాము. సంతానమంతా ఆడపిల్లలే.

పెద్దమ్మాయి ధనికుని కాదని పేద దర్జీని వరించింది, తండ్రి ఒప్పుకొన్నాడు. రెండవది విప్లవకారుని చేపట్టి, అతనిని దూరదేశానికి పంపివేస్తే వెంట నడిచింది, కన్నీటితో సాగనంపాడు. మూడవది హావా. క్రైస్తవుని పెండ్లాడింది. ఆమె బ్రతికి ఉండగానే ఇంట చావుమైల పట్టారు.

ఇరువురి యెడ కరగిన గుండె ఇక్కడేల బండబారింది? జవాబు కొంత నాటి చట్టంలో ఉన్నది. ఆర్థడాక్స్ క్రైస్తవుని పెండ్లాడాలంటే యూదులు బాప్తిస్మం పొందక తప్పదు. మతం విడువక మనువాడే మార్గం లేదు. హావా దాటినది ఇంటి గడప ఒక్కటే కాదు.

అయినను రచయిత తండ్రిని గెలిపించలేదు. అడవిదారిలో కూతురు పిలిచినా బండి ఆపని తెవ్యే, యూదుడనగా ఎవరు, కానివాడెవరు, దేవుడు ఇట్లేల వేరు చేసెనని తనలో తానే తర్కించుకొంటాడు. 1914 నాటి కథలో యూదులను పల్లె నుండి వెళ్ళగొట్టినపుడు హావా మూట కట్టుకొని పుట్టింటివారిని చేరుకొంటుంది. 1964 నాటి రంగస్థల నాటకం ‘ఫిడ్లర్ ఆన్ ది రూఫ్’లో మాత్రం భర్తతోనే వెళ్ళిపోతుంది.

నాటకం ప్రేమను నిలిపింది. కథలో కూతురు తండ్రికి దక్కింది గాని, భర్త దక్కలేదు. ఆ లోటును దాచకపోవడమే ఆ కథ గొప్పతనమని నా అభిప్రాయం.