నల్లరేగడిలో చక్రం ఎత్తు

రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ ఎంబీ జీపు కింద, ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్‌కీ నేలకీ మధ్య ఖాళీ ఎనిమిది ముప్పావు అంగుళాలు. అంటే 222 మిల్లీమీటర్లు. 2020లో వచ్చిన కొత్త మహీంద్రా థార్‌కి ఆ ఖాళీ 226. ఎనభై ఏళ్ళ ఇంజనీరింగ్ తర్వాత పెరిగింది నాలుగు మిల్లీమీటర్లు! బరువు మాత్రం 1,100 కిలోల దరిదాపుల నుంచి 1,700 పైకి పోయింది.

ఇప్పుడు ఈ రెండిటి పక్కనా చిలకలూరిపేట నుంచి పర్చూరు దాకా ప్రతి రైతు ఇంటిముందూ ఒకప్పుడు నిలబడి ఉండిన ఎద్దుబండిని పెట్టి చూడండి. చక్రం ఎత్తు సుమారు అయిదడుగులు. ఇరుసు నేలకి రెండున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. ఇరుసు మందం తీసేసినా రెండడుగులకు పైగా ఖాళీ. కొత్త బండి కొన్న వారానికే ‘లిఫ్ట్ కిట్’ ఎక్కడ దొరుకుతుందని వెతికేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఈ నేల మీద ఎత్తు అనే సమస్యని వడ్రంగీ కమ్మరీ కలిసి ఎప్పుడో తేల్చేశారు.

ఎందుకు అంత ఎత్తు? నల్లరేగడి మామూలు మట్టి కాదు. అందులో మాంట్‌మోరిల్లనైట్ అనే బంక ఖనిజం ఎక్కువ. అది నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. వేసవిలో చెయ్యి పట్టేంత నెర్రెలు. తొలకరి పడ్డాక అదే నేల చెప్పుకి అంటుకుని, అడుగడుగుకీ మనిషి ఎత్తు పెంచుతుంది. ఎత్తయిన చక్రం నెర్రెల్లో ఇరుక్కోదు, దాటుకుని పోతుంది. డొంకలో ఏళ్ళ తరబడి బళ్ళు తిరిగి గాడి లోతుగా పడితే, మధ్యలో మిగిలిన మట్టిదిబ్బ ఇరుసుకి తగలదు. మిరపకాయలు, పత్తి ఇల్లు చేరేది ఎండాకాలానికి అటూ ఇటూ కాబట్టి, నెర్రెలూ గాడులే అప్పటి పెద్ద గండం.

ఇక చక్రం వెడల్పు. కుండ, దాన్లోంచి ఆకులు, వాటి చివర పూటీలు, వాటి చుట్టూ నిప్పుల్లో కాల్చి ఎక్కించి నీళ్ళు పోసి బిగించిన ఇనుప పట్టా. ఆ పట్టా వెడల్పు రెండంగుళాలు, అటూ ఇటూ. మొదటి వానకి తడిసేది పైన నాలుగయిదు అంగుళాలే. సన్నటి పట్టా ఆ బురదని కోసుకుని దిగి, కింది గట్టినేలని అందుకుంటుంది. ఆశ్వయుజం నాటికి కథ మారుతుంది. తడి లోతుకి దిగి ఉంటుంది, కింద గట్టినేల అంటూ తగలదు. అప్పుడు ఇదే సన్నటి పట్టా బండిని కుండ దాకా దించేస్తుంది. సన్నటి టైరా, వెడల్పాటి టైరా అని ఈరోజు జీపులవాళ్ళు తెల్లవార్లూ చేసే వాదనకి నల్లరేగడి జవాబు ఒక్కటే: ఏ నెలలో?

ఆ ఇనుప పట్టా అంటే రోడ్లు వేసే ఇంజనీర్లకి కంటగింపు. కంకర రోడ్డుని అది కత్తిలా కోసేది. 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏర్పడ్డాక, తొలి ఏళ్ళలో వాళ్ళు తలలు పట్టుకున్న విషయాల్లో ఇదొకటి. డన్‌లప్ కంపెనీ 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. ఎద్దుబండికి గాలి టైర్లు అమ్మింది. మన దగ్గర ఆ బండి పేరే ‘టైరుబండి’ అయిపోయింది. బేరింగులున్న ఇరుసు, గాలి నిండిన చక్రం. మంచి రోడ్డు మీద అదే జత ఎద్దులు దాదాపు రెట్టింపు బరువు లాగగలవు. కాడి కింద మెడల మీద పుండ్లు కూడా తగ్గుతాయి. ఆ పుండ్ల గురించి గట్టిగా మాట్లాడిన పెద్దమనిషి, బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టర్ ఎన్.ఎస్. రామస్వామి. మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ ఎద్దుబండి మీద ఏళ్ళ తరబడి పని చేయడం నాకిప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

అయితే బళ్ళకి వాడే 8.00-19 సైజు టైరు తీసుకుంటే చక్రం ముప్పయ్ అయిదు అంగుళాలకి మించదు. ఇరుసు ఒక్కసారిగా అడుగు కిందకి దిగింది. రోడ్డుకి మేలు, ఎద్దుకి మేలు. డొంకకి మాత్రం కాదు. పాత గాడుల్లో టైరుబండి కడుపు ఈడ్చుకుంటుంది. కొత్తది కొన్నా కొయ్య చక్రాల బండిని అమ్మకుండా ఉంచుకోవడాన్ని చాదస్తం అనుకుంటాం కానీ, అది చాదస్తం కాదు. ఒక్కో నేలకి ఒక్కో చక్రం, అంతే.

జీపు వచ్చింది ఈ డొంకల్లోకే. మహీంద్రా వాళ్ళు 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. 1952లో సామాజిక వికాస పథకం, 1959లో పంచాయతీ సమితులు. ఊళ్ళో జనం చూసిన జీపు చాలాచోట్ల సమితి జీపే, అందులో బి.డి.ఓ. గారు. మన కథల్లో, సినిమాల్లో జీపు ఎప్పుడూ దుమ్ము రేపుకుంటూ వస్తుంది, అధికారం దిగుతుంది. వానాకాలంలో అదే జీపు దిగబడితే పొలాల్లోంచి పదిమంది వచ్చి తోసే దృశ్యం మాత్రం రచయితలకి ఎందుకో అంతగా పట్టలేదు. ఆఫీసరుకీ ఊరికీ మధ్య దూరం అంత స్పష్టంగా కనబడే చోటు ఇంకోటి ఉండదు.

ఆ జీపు సర్కారు చేతుల్లోంచి ప్రైవేటు చేతుల్లోకి వచ్చాక మొదట జరిగిన మార్పులు చూస్తే నవ్వొస్తుంది. పెట్రోలు తాగుతోందని ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ పెట్టారు. ఫోర్ వీల్ దండగని ముందు ఇరుసుకి పోయే షాఫ్ట్ ఊడదీశారు. వెనక బెంచీలు వేసి, పదిహేనుమందిని ఎక్కించడానికి కమాన్ కట్టకి ఇంకో పట్టీ కలిపారు. కమాన్ పట్టీ కలిపితే ఖాళీ బండి ఎత్తుగా నిలబడుతుంది. కానీ ఇరుసు ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

ఈరోజు లిఫ్ట్ కిట్ కొనేవాళ్ళు ఆగి చూడాల్సింది ఇక్కడే. వెనక నిండు ఇరుసున్న బండిలో స్ప్రింగు కింద ఎంత ముక్క పెట్టినా పైకి లేచేది బాడీ మాత్రమే. డిఫరెన్షియల్‌ని నేల నుంచి లేపగలిగేది టైరొక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగం. థార్‌కి వచ్చే 255/65 ఆర్18 టైరు వ్యాసం 789 మిల్లీమీటర్లు. ఒక సైజు పెంచి 255/70 వేస్తే 814. వేలకి వేలు పోస్తే ఇరుసు కింద దక్కేది పదమూడు మిల్లీమీటర్లు, అరంగుళం. పైగా స్పీడోమీటరు అసలు వేగం కన్నా కాస్త తక్కువ చూపిస్తుంది.

లిఫ్ట్ వల్ల నల్లరేగడిలో లాభమే లేదా అంటే, ఉంది. టైరుకీ దాని పైనుండే మడ్‌గార్డుకీ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఈ మట్టి టైరు గాడుల్లో పూడుకుపోయి దాన్ని నున్నటి రోకలిలా చేస్తుంది. తర్వాత పైకెక్కి మడ్‌గార్డులో నిండి చక్రాన్నే బిగబట్టేస్తుంది. పైన ఏ కప్పూ లేని బండిచక్రానికి ఆ బెడద లేదు. అంటుకున్న మట్టిని కర్రతో గీకి పారేస్తే సరి. కాబట్టి ఈ పొలాల్లోకి వెళ్ళేవాళ్ళకి నా ఓటు ముందు పల్లాలు దూరంగా ఉన్న మడ్ టైర్లకి, గాలి తగ్గించి నింపుకునే చిన్న పంపుకి, ఒక పారకి. టైరులో గాలి తగ్గిస్తే నేలని తాకే భాగం పొడవవుతుంది. ఆశ్వయుజపు బురదలో కావాల్సింది అదే. మరీ తగ్గిస్తే ట్యూబ్‌లెస్ టైరు రిమ్ము నుంచి జారుతుంది, జాగ్రత్త.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. డీజిల్ ఇంజను, అదనపు కమాన్ పట్టీ, బెంచీలు ఇప్పుడైతే రిజిస్ట్రేషన్‌కే ఎసరు. చట్టం సబబే. అయితే రోడ్డుని చూసి రాసిన చట్టాలు డొంకని చూడవు. ఇనుప పట్టా నాటి తగువు ఇవాళ ట్రాక్టరు కేజ్ వీల్స్ మీదికి వచ్చింది. పొలంలో అవి లేకపోతే పని జరగదు, తారు రోడ్డెక్కితే దాన్ని చీల్చేస్తాయి.

ఆశ్వయుజంలో పత్తిచేలకి మందు కొట్టడానికి నీళ్ళ డ్రమ్ములతో ఇప్పుడు డొంకలోకి దిగేది ట్రాక్టరే. దాని వెనక టైరు 13.6-28 సైజుదైతే ఎత్తు దాదాపు యాభై రెండు అంగుళాలు. అయిదడుగుల కొయ్యచక్రానికి ఎనిమిదే తక్కువ. దిగబడ్డ థార్‌ని గొలుసు కట్టి బయటికి లాగేదీ అదే.