కార్మిక రక్షణ, క్షతపరిహార సంస్థల సంధానము

కర్మాగారములయందును, గనులయందును, కట్టడములు కట్టు చోటులయందును ప్రమాదము సంభవింపకుండ తనిఖీలు జరుపు అధికారమును, సంభవించిన పిమ్మట గాయపడిన కార్మికునకో, మృతుని కుటుంబమునకో పరిహారము చెల్లించు అధికారమును ఒక్క ప్రభుత్వ సంస్థకు అప్పగించు పరిపాలనా విధానమును ఇరువదవ శతాబ్దమున పెక్కు ప్రభుత్వములు అవలంబించినవి. ఈ రెండు కార్యములును ఒకే గాయమునకు సంబంధించినవైనను వేర్వేరు మూలములనుండి పుట్టినవి. తనిఖీ, శాసనోల్లంఘనమును దండించు రాజ్యాధికారమునుండి వెలువడినది. పరిహారము, నష్టమును యజమాని భరింపవలెనా, కార్మికుడు భరింపవలెనా అను సివిలు వివాదమునుండి పరిణమించినది. అందుచేత వానిని కలుపుట, కలిపిన పిమ్మట విడదీయుట, మరల వేరొక రీతిని కలుపుట అను మూడును చరిత్రలో కానవచ్చుచున్నవి. కెనడా దేశమున కార్మిక పరిహారము ప్రధానముగా రాష్ట్రముల వశమున నుండుటచే ఒక్కొక్క రాష్ట్రమును ఒక్కొక్క మార్గమును తొక్కినది. కావున ఈ చరిత్రకు ఆ దేశమే విశేషముగా ఆధారభూతము.

పూర్వరంగము

బిస్మార్కు ఛాన్సలరుగా నుండిన కాలమున, 1884 జులై 6వ తేదీన, జర్మను సామ్రాజ్యము ప్రమాద భీమా చట్టమును చేసెను. ఒకే తరగతి పరిశ్రమకు చెందిన యజమానులందరును ఒక సంఘముగా నేర్పడి, ప్రమాదముల ఖర్చును తమలో తాము పంచుకొనవలెననియు, కార్మికునినుండి ఇందులకు చందా తీయరాదనియు ఆ చట్టము విధించెను. అంతటితో నాగక, ప్రమాద నివారణ నియమములను రచించుటకును, వాని అమలును చూచుటకు తమ తనిఖీదారులను నియమించుకొనుటకును ఆ సంఘములకు అధికార మొసగెను. పరిహారము చెల్లించువానికే నివారణయందు ఆసక్తి యుండునను యుక్తి దీనికి మూలము. అయినను ప్రభుత్వ తనిఖీదారులు తొలగలేదు. సంఘములవారును, ప్రభుత్వమువారును ఉభయులును పర్యవేక్షించు ద్వంద్వవిధానము జర్మనీలో నేటికిని సాగుచున్నది. ప్రైవేటు పరిశ్రమల సంఘముల సమాఖ్యయు, ప్రభుత్వరంగ ప్రమాద భీమా సంస్థల సమాఖ్యయు 2007 జూన్ 1న ఏకమైనవి.

ఇంగ్లండు దీనికి భిన్నమైన దారిని పట్టెను. అచట 1897 నాటి చట్టము పరిహార భారమును ఏ యజమానికి ఆ యజమానిమీదనే మోపెను. ఫ్యాక్టరీ ఇన్స్పెక్టరులు 1833 నుండియు ప్రభుత్వోద్యోగులుగా పనిచేయుచుండిరి గాని పరిహారముతో వారికి ప్రసక్తి లేకుండెను. భారతదేశము అనుసరించినది ఈ బ్రిటిషు పద్ధతినే.

మెరెడిత్ నివేదిక

కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున 1884లో ఫ్యాక్టరీ చట్టము పుట్టెను. గాయపడిన కార్మికుడు మాత్రము కోర్టుకెక్కి యజమాని తప్పిదమును రుజువు చేసినగాని దమ్మిడీయైనను రాబట్టుకొనజాలక పోయెను. ఈ దుస్థితిని విచారించుటకై రాష్ట్రప్రభుత్వము 1910లో ప్రధాన న్యాయమూర్తియగు సర్ విలియం రాల్ఫ్ మెరెడిత్‌ను కమిషనరుగా నియమించెను. ఆయన జర్మను, బ్రిటిషు పద్ధతులను పరిశీలించి, 1913లో తుది నివేదిక సమర్పించెను. తప్పెవరిదని విచారింపక పరిహార మీయవలెను. యజమానులందరును ఉమ్మడిగా నిధికి చందా చెల్లింపవలెను. చెల్లింపునకు స్థిరమైన హామీ యుండవలెను. తీర్పు కోర్టులది గాక స్వతంత్రమగు బోర్డుదే కావలెను. ఇందులకు బదులుగా కార్మికుడు యజమానిపై దావా వేయు హక్కును వదులుకొనవలెను. చారిత్రకమైన రాజీగా ప్రసిద్ధి గాంచిన ఈ ఏర్పాటు 1914లో శాసనమై, 1915 జనవరి 1న అమలులోనికి వచ్చెను. తరువాతి దశాబ్దములలో కెనడా రాష్ట్రములన్నియు ఇంచుమించు దీనినే అనుకరించినవి.

తనిఖీని గూర్చి మాత్రము ఒంటారియో వారు జర్మనీని సగమే అనుసరించిరి. ప్రమాద నివారణ సంఘములను స్థాపించుకొనుటకు యజమానులకు చట్టము అనుమతి నొసగగా, 1917లో అట్టి సంఘము వెలసెను. దానికి ధనము పరిహార బోర్డు నిధినుండియే లభించెను. అయితే ఆ సంఘములు బోధించునవేగాని దండించునవి కావు. దండించు అధికారము గల ఇన్స్పెక్టరులు ప్రభుత్వ శాఖలయందే నిలిచిరి. ఆ విధముగా ధనము బోర్డుయొద్దను, దండము శాఖలయొద్దను ఉండిపోయెను. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రము మాత్రము 1917లో నెలకొల్పిన తన బోర్డుకు పరిహారమును, నివారణాధికారమును మొదటినుండియు ఒక్కటిగనే అప్పగించెను.

రెండు దుర్ఘటనలు, రెండు విచారణలు

1960 మార్చి 17న టొరాంటో నగరమందలి హాగ్స్ హాలోలో, డాన్ నది అడుగున నీటిగొట్టమునకై త్రవ్వుచున్న సొరంగమున నిప్పంటుకొని, ఇటలీ దేశమునుండి వలస వచ్చిన ఐదుగురు కూలీలు మరణించిరి. మనిషి నిటారుగా నిలుచుటకు చాలీచాలని ఎత్తున, ఒత్తిడి గాలిలో పనిచేయు ఆ మనుష్యులయొద్ద చేతిలైట్లైనను లేకపోయెను. ఈ ఘటనపై రేగిన ఆందోళన ఫలితముగా ఒంటారియో ప్రభుత్వము రాయల్ కమిషనును వేసి, నిర్మాణ, పరిశ్రమ రక్షణ చట్టములను నవీకరించెను.

రెండవది హఠాత్తుగా జరిగిన దుర్ఘటన కాదు, ఏండ్ల తరబడి ఊపిరితిత్తులలో పేరుకొనిన దుర్ఘటన. ఒంటారియోలోని ఎలియట్ లేక్ యురేనియము గనుల కార్మికులు రేడాన్ వాయువునకును, రాతిధూళికిని గురియై క్యాన్సరు, సిలికోసిస్ వ్యాధులపాలగుచు, 1974లో పని నిలిపి సమ్మె కట్టిరి. విచారణకు నియుక్తుడైన ఆచార్య జేమ్స్ హామ్ 1976లో సమర్పించిన నివేదికయందు బయల్పడిన అవ్యవస్థ సంధాన చరిత్రకే కీలకము. గనుల ఇంజనీరులు సహజవనరుల శాఖకు చెందిరి; వైద్యపరీక్షలు ఆరోగ్యశాఖ వంతు; వ్యాధిగ్రస్తునకు డబ్బిచ్చుట పరిహార బోర్డు వంతు. ధూళి యెంత, రోగులెందరు అను లెక్కలు వేర్వేరు కార్యాలయములలో నుండినవేగాని, గనిలో దిగు మనిషికి వానిని చెప్పిన నాథుడు లేకుండెను. హామ్ సూచనల ఫలితముగా గనుల తనిఖీయు, వృత్తిసంబంధమగు ఆరోగ్య విభాగమును కార్మికశాఖ క్రిందికి చేరినవి. 1978లో సమగ్రమగు రక్షణ చట్టము వెలువడి, ప్రమాదమును తెలిసికొను హక్కు, రక్షణ సంఘములలో పాల్గొను హక్కు, అపాయకరమగు పనిని నిరాకరించు హక్కు అను మూడింటిని కార్మికునకు ప్రసాదించెను. పలుశాఖల తనిఖీలు ఈ రీతిగా కలిసినవి. పరిహారము మాత్రము వేరుగనే నిలిచెను.

క్విబెక్, న్యూ బ్రన్స్‌విక్

ఆ మిగిలిన అడుగును క్విబెక్ వేసెను. అచట 1909 నుండి పరిహార చట్టమున్నను, దానికొక కమిషను 1928లో ఏర్పడి, 1931లో ఒంటారియో మాదిరి ఉమ్మడి నిధి వచ్చెను. 1975లో థెట్‌ఫర్డ్ మైన్స్ ప్రాంతమున ఆస్బెస్టాస్ గనుల కార్మికులు సాగించిన దీర్ఘమైన సమ్మె ధూళిరోగములను రాష్ట్రరాజకీయములకు నడుమ నిలిపెను. 1979 డిసెంబరున శాసనసభ ఆరోగ్య రక్షణ చట్టమును ఆమోదించగా, 1980 మార్చిలో పాత పరిహార కమిషను స్థానమున నూతన కమిషను అవతరించి, పలుశాఖల తనిఖీదారులను తనయందు చేర్చుకొనెను. దాని పాలకమండలిలో యజమానుల ప్రతినిధులును, కార్మికుల ప్రతినిధులును సమానసంఖ్యలో కూర్చుండిరి. 2016 జనవరి 1న ఆ కమిషను, వేతన పరిమితులను, పనిగంటలను చూచు సంస్థయు, స్త్రీపురుష వేతన సమానత్వమును చూచు సంస్థయు మూడును ఒక్కటైనవి. అదే దినమున పరిహార వివాదములను వినునట్టి, యూనియను వివాదములను వినునట్టి రెండు న్యాయసంస్థలును ఏకమై వేరొక ట్రిబ్యునల్‌గా రూపొందినవి. కార్యనిర్వాహక సంస్థలను ఎంతగా కలిపినను తీర్పరిని వాని వెలుపలనే నిలుపుట ఇచట గమనింపదగినది.

న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రము తన పరిహార బోర్డును, ఆరోగ్య రక్షణ కమిషనును 1995లో ఒకే సంస్థగా చేసెను. చిన్న రాష్ట్రమునకు రెండు కార్యాలయముల ఖర్చు తగ్గుటయేగాక, తనిఖీదారుల జీతభత్యములును యజమానుల చందానుండియే చెల్లునట్లయ్యెను.

ఒంటారియోలో చేరిక, వీడ్కోలు

1990లో ఒంటారియో ప్రభుత్వము యజమానులును, యూనియనులును కలిసి నడుపునట్లు ప్రత్యేక రక్షణ సంస్థను స్థాపించి, నివారణ సంఘముల నిధులను పరిహార బోర్డునుండి తొలగించి దానికి ఒప్పగించెను. 1995లో అధికారమునకు వచ్చిన మైక్ హారిస్ ప్రభుత్వము ఆ సంస్థను రద్దుచేసి, నివారణను బోర్డుకే మరలించెను; 1998 జనవరి 1 నుండి ఆ బోర్డు ‘వర్క్‌ప్లేస్ సేఫ్టీ అండ్ ఇన్స్యూరెన్స్ బోర్డు’ అను నూతన నామమును ధరించెను. ఇన్స్పెక్టరులు అప్పుడును కార్మికశాఖయందే యుండిరి.

2009 డిసెంబరు 24న, క్రిస్మస్ పండుగ ముందునాడు, టొరాంటోలో ఒక నివాసభవనపు పదుమూడవ అంతస్తు బాల్కనీలను మరమ్మతు చేయుచుండగా, త్రాళ్లకు వ్రేలాడుచున్న మంచె రెండుగా విరిగెను. ఐదుగురు కూలీలు క్రిందపడి, నలుగురు మరణించిరి. ఒంటికి కట్టుకొనవలసిన రక్షణ త్రాళ్లు అందరికిని లేకుండెను. టోనీ డీన్ అధ్యక్షతన నియమితమైన నిపుణుల సంఘము 2010 డిసెంబరులో నివేదించిన సూచనలను పురస్కరించుకొని, 2011లో చట్టము సవరింపబడి, ముఖ్య నివారణాధికారి పదవి కార్మికశాఖయందు సృష్టింపబడెను. నివారణ బాధ్యత 2012లో బోర్డును వీడి శాఖకు చేరెను. ధనము మాత్రము మునుపటివలెనే బోర్డు చందాలనుండి వచ్చుచుండెను.

సంధానముపై వచ్చిన ఆక్షేపణలు

ఒంటారియో బోర్డు కొన్ని దశాబ్దములుగా, ప్రమాదములు తగ్గిన యజమానికి చందాలో కొంత వాపసు నిచ్చి, పెరిగినవానికి అదనపు భారము వేయుచుండెను. నివారణకు ప్రోత్సాహమని తలచిన ఈ ఏర్పాటు కొందరు యజమానులకు గాయములను మాన్పుటకన్న వానిని కాగితముపై కనపడనీయకుండుట లాభకరమను పాఠమును నేర్పెను. బోర్డు నిధిలోటు 2011 నాటికి 1,400 కోట్ల డాలర్లను మించియుండగా, దానిని విచారించిన ఆచార్య హ్యారీ ఆర్థర్స్ 2012 నాటి నివేదికయందు ఈ రాయితీ పద్ధతిని తీవ్రముగా ఆక్షేపించెను. నిధిని కాపాడవలసిన సంస్థయే గాయముల లెక్కను వ్రాయునపుడు ఆ లెక్క తగ్గుట రక్షణకు గురుతో, దాపరికమునకు గురుతో తేలుట కష్టము.

బ్రిటిష్ కొలంబియాలో ఆక్షేపణ వేరొక దిక్కునుండి వచ్చెను. 2012 జనవరి 20న బర్న్స్ లేక్ వద్దను, ఏప్రిల్ 23న ప్రిన్స్ జార్జ్ వద్దను కొయ్యకోత మిల్లులలో రంపపుపొట్టు ధూళి ప్రేలి, ఒక్కొక్కచోట ఇద్దరు చొప్పున మరణించి, పలువురు గాయపడిరి. పురుగుపట్టి నిలువున ఎండిన పైన్ దుంగలను కోయుటచే ఆ ధూళి మిక్కిలి సన్ననిదై, పొడిదై, గాలిలో తేలి అగ్నికణమునకై కాచుకొనియున్నట్లుండెను. ఏకీకృత సంస్థ ఉద్యోగులే విచారణ జరిపిరి. 2014లో ప్రాసిక్యూషను శాఖ నేరాభియోగమునకు నిరాకరించుచు, తనిఖీ అధికారముతో వారంటు లేకుండ సేకరించిన సాక్ష్యమునందలి చిక్కును కారణములలో నొకటిగా చూపెను. సలహా చెప్పు తనిఖీదారుడును, నేరము నారయు పరిశోధకుడును ఒక్కరే కారాదని తరువాతి సమీక్ష నిర్ణయించగా, సంస్థయొక్కటిగనే నిలిచియు లోపల ఆ రెండు విభాగములు వేరుపడెను.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ ఇంకను ముందునకు పోయెను. భీమా నిధిని నడుపుట, భీమా వ్యవస్థను నియంత్రించుట, పనిచోటులను తనిఖీ చేయుట అను మూడును వర్క్‌కవర్ అను ఒక్క సంస్థ చేతనుండగా, తన్ను తానే నియంత్రించుకొనుచున్నదను విమర్శ రేగి, 2015 సెప్టెంబరు 1న దానిని మూడు సంస్థలుగా చీల్చిరి.

భారతదేశమున

భారతదేశమున ఫ్యాక్టరీ చట్టము 1881లోను, పరిహార చట్టము 1923లోను పుట్టినవి. స్వాతంత్ర్యానంతరము 1948లో నూతన ఫ్యాక్టరీ చట్టమును, కార్మిక రాజ్య భీమా (ఈఎస్ఐ) చట్టమును ఒకే సంవత్సరమున వెలువడినను, మొదటిది రాష్ట్రప్రభుత్వముల చేతికిని, రెండవది కేంద్రముచే నేర్పడిన కార్పొరేషను చేతికిని పోయెను. తెలుగు రాష్ట్రములలో నేటికిని ఇదే తీరు. పటాన్‌చెరువులోనో, విశాఖలోనో యంత్రమున చేయి నలిగిన భీమాదారుని గూర్చి యాజమాన్యము ఒక కాగితమును రాష్ట్ర కర్మాగారముల శాఖ ఇన్స్పెక్టరునకును, మరియొకదానిని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసునకును పంపవలెను. అతనికి చికిత్స చేయు డిస్పెన్సరీ రాష్ట్రపు భీమా వైద్యసేవల శాఖది. భీమా పరిధిలోనికి రాని కార్మికుడు రాష్ట్రపు కార్మికశాఖయందలి పరిహారాధికారి నాశ్రయింపవలెను.

2019, 2020 సంవత్సరములలో పార్లమెంటు ఆమోదించగా, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన నాలుగు కార్మిక సంహితలు 29 చట్టములను సంగ్రహించినవి. అయితే రక్షణకు సంబంధించిన 13 చట్టములు ఒక సంహితలోను, సామాజిక భద్రతకు సంబంధించిన 9 చట్టములు మరియొక సంహితలోను కూడినవి గాని, ఆ రెండింటినడుమ గల ఎడము తొలగలేదు. కెనడా అనుభవమునుబట్టి చూడగా, బోర్డుల పేర్లను కలుపుటకన్న రెండు విషయములు ముఖ్యములని తోచుచున్నది: పరిహార ఫైలులో నమోదైన ప్రతి గాయమును తనిఖీదారుని బల్లమీదికి చేరవలెను, ఆ గాయమునకు వెలకట్టు తీర్పరి నిధిని కాపాడువాని అదుపులో నుండరాదు. క్విబెక్ వారు సంస్థలను కలిపియు, ట్రిబ్యునల్‌ను వెలుపల నుంచి రెండవదానిని సాధించిరి. ఎలియట్ లేక్ నాటి ఒంటారియోలో మొదటిది లోపించుటచేతనే లెక్కలన్నియు ప్రభుత్వమునొద్దనే యుండియు గనికార్మికులకు ఉపకరింపకపోయెను. భారతదేశమున ఈఎస్ఐ ఆఫీసునకును, కర్మాగారముల శాఖకును చేరు ఆ రెండు కాగితములు ఒకదాని నొకటి కలిసికొనుటకు సంస్థలను రద్దుచేయ నక్కరలేదు; ఒకచోట నమోదైన గాయము రెండవచోట తనంతట కనపడునట్లు చట్టము విధించిన చాలును.